నక్షత్రం గుర్తు వెనుక వ్యాకరణం: టోల్కీన్ ఎల్ఫ్ భాషల మూలరూపాన్ని ఎలా పునర్నిర్మిస్తారు

1954లో జె. ఆర్. ఆర్. టోల్కీన్ నవల ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మొదటి సంపుటం వెలువడినప్పుడు అందులో కల్పిత జాతి అయిన ఎల్ఫ్‌ల భాషలో ఒక పలకరింపు వాక్యం ఉంది: ‘ఎలెన్ సీల లూమెన్న్ ఒమెంతియెల్మొ’. మన కలయిక ఘడియపై ఒక నక్షత్రం ప్రకాశిస్తోందని దాని అర్థం. తరువాత సవరించిన ముద్రణల్లో చివరి మాట ‘ఒమెంతియెల్వొ’ అయింది. మకారం పోయి వకారం వచ్చింది, అంతే. ఇంగ్లీషు అనువాదంలో ఒక్క అక్షరం కూడా మారలేదు, ఎందుకంటే ఆ భాషలో ‘మేము’, ‘మనము’ రెంటికీ ఒకే మాట. తెలుగు పాఠకుడికి మాత్రం ఈ సవరణ ఎక్కడ తగులుతుందో చెప్పనక్కర లేదు. ఎదుటివాడిని కలుపుకొని చెప్పే ‘మన’ వేరు, అతన్ని పక్కన ఉంచి చెప్పే ‘మా’ వేరు. ఎదురుపడిన వ్యక్తితో ‘మా కలయిక’ అంటే అది పలకరింపే కాదు.

అయితే దీన్ని అచ్చుతప్పు సవరణ అనుకుంటే పొరపాటు. టోల్కీన్ ఒక దశలో రూపొందించిన పట్టికలో ‘-ల్మె’ ప్రత్యయానికి ‘మనము’ అనీ, ‘-మ్మె’ ప్రత్యయానికి ‘మేము’ అనీ అర్థాలు ఉండేవి. 1960ల చివరి పట్టికలో ‘-ల్మె’ అంటే ‘మేము’, ‘-ల్వె’ అంటే ‘మనము’, ‘-మ్మె’ అంటే ‘మేమిద్దరము’. వాక్యం రాసిననాడు అది ఒప్పే. వాక్యం కింద ఉన్న వ్యాకరణం కదిలింది కనుక వాక్యం కూడా కదలవలసి వచ్చింది. ఆ కదలికకు మూలం క్వెన్యా అనే ఆ భాషలో కాదు, దానికి తల్లి అయిన మరొక భాషలో ఉంది. ఆ తల్లి భాషలో ‘మె’ అంటే మేము, ‘వె’ అంటే మనము. ఆ భాషను కథలో ఎవరూ మాట్లాడరు, కథా కాలానికి అది వేల ఏళ్ల కిందటే అంతరించింది. అయినా దానికి ధాతువులు, ప్రత్యయాలు, ధ్వని సూత్రాలు అన్నీ ఉన్నాయి. దాని వ్యాకరణాన్ని తిరిగి కట్టడం ఎలా, అది ఎంతవరకు సాధ్యం అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

ముందుగా నిజమైన భాషల విషయంలో పునర్నిర్మాణం ఎలా జరుగుతుందో చూడాలి. తెలుగులో ‘చెవి’, తమిళంలో ‘చెవి’, కన్నడంలో ‘కివి’. అర్థం ఒకటే, రూపాలు దగ్గరగా ఉన్నాయి, కాబట్టి ఇవి జ్ఞాతి పదాలు, అంటే ఒకే మూలం నుండి పుట్టినవి. తెలుగు, తమిళాల్లో ఇ, ఎ అచ్చుల ముందు పదాది కకారం చకారంగా మారిందని వందలాది మాటలు సాక్ష్యమిస్తాయి కనుక, కన్నడంలోని కకారమే పాతది. కన్నడంలో తరువాతి అక్షరంలోని ఇకారం వల్ల ఎకారం ఇకారమైందని కూడా అలాగే తేలుతుంది కనుక, తెలుగు, తమిళాల్లోని ఎకారమే పాతది. హల్లును ఒక బిడ్డ దగ్గర, అచ్చును మరో బిడ్డ దగ్గర తీసుకొని మూల ద్రావిడ రూపాన్ని ‘*కెవి’ అని రాస్తారు. ముందున్న ఆ నక్షత్రం గుర్తు ఒక ఒప్పుదల: ఈ రూపం ఏ శాసనంలోనూ, ఏ గ్రంథంలోనూ దొరకలేదు, తర్కంతో రాబట్టాము అని చెప్పడం. ఈ గుర్తును వాడుకలోకి తెచ్చిన ఆగస్ట్ ష్లైహర్ 1868లో మరో అడుగు ముందుకు వేసి, సంస్కృతం, గ్రీకు, లాటిన్ వంటి భాషల ఉమ్మడి తల్లిగా తాను పునర్నిర్మించిన మూల ఇండో-యూరోపియన్ భాషలో గొర్రె, గుర్రాల కథ ఒకటి రాశారు. పరిశోధన ముందుకు సాగినకొద్దీ తరువాతి పండితులు ఆ కథను మళ్లీ మళ్లీ కొత్త రూపాలతో తిరగరాస్తూ వచ్చారు. కథ అదే, భాష మాత్రం ప్రతిసారీ వేరుగా కనిపిస్తుంది.

టోల్కీన్‌కు ఈ విద్య వృత్తి. ఆక్స్‌ఫర్డ్‌లో జోసెఫ్ రైట్ వద్ద తులనాత్మక భాషాశాస్త్రం చదువుకున్నారు, మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువులో డబ్ల్యూ అక్షరపు మాటల వ్యుత్పత్తులపై పని చేశారు, 1925లో ఆక్స్‌ఫర్డ్‌లోనే ప్రాచీన ఇంగ్లీషు ఆచార్యులయ్యారు. అందువల్ల ఆయన భాషను కల్పించినప్పుడు పదాల జాబితా రాసి ఊరుకోలేదు. ముందు ధాతువులను, వాటినుంచి మూలరూపాలను, వాటికి ధ్వని సూత్రాలు తగిలించి రెండు ప్రధాన భాషలను తీశారు: ఫిన్నిష్ నాదం ధ్వనించే క్వెన్యా, వెల్ష్ నాదం ధ్వనించే సిందరిన్. ఈ రెంటికీ, తెలెరిన్ వంటి ఇతర సోదర భాషలకూ ఉమ్మడి తల్లి ‘ఉమ్మడి ఎల్దారిన్’. దానికంటే పాతదైన, ఎల్ఫ్‌లందరి మొదటి భాష ‘ఆదిమ క్వెందియన్’. నక్షత్రం గుర్తును కూడా ఆయన తన వృత్తిలోని పద్ధతి ప్రకారమే వాడారు. తానే కల్పించిన భాషలోని రూపానికి ‘ఇది ఆధారం లేని ఊహారూపం’ అని గుర్తు పెట్టడం మొదట వింతగా తోస్తుంది. కాని ఆయన తనను తాను సృష్టికర్తగా కాక, కథాలోకంలో మిగిలిన పత్రాలను చదివే పండితుడిగా భావించుకొని రాశారని గ్రహిస్తే అందులోని నిజాయితీ అర్థమవుతుంది.

ధ్వనుల స్థాయిలో ఈ పని ఎంత చక్కగా సాగుతుందో చెప్పడానికి చెట్టు అనే మాట చాలు. క్వెన్యాలో ‘అల్ద’, సిందరిన్‌లో ‘గలధ్’. క్వెన్యా పదాది గకారాన్ని పోగొట్టుకుంది, వరుసగా వచ్చిన ఒకే రకం అచ్చుల్లో రెండోదాన్ని జార్చింది. సిందరిన్ గకారాన్ని నిలుపుకుంది కాని చివరి అచ్చును వదిలేసింది, రెండు అచ్చుల నడుమ దకారాన్ని మెత్తగా నాలుకను పళ్లకు ఆనించి పలికే ధకారంగా మార్చింది. ఒకదాని నష్టాన్ని మరొకటి పూడ్చడంతో మూలరూపం ‘*గలదా’ పూర్తిగా బయటపడుతుంది. హంస అనే మాట ఇంకా సొగసైనది: క్వెన్యాలో ‘అల్క్వ’, తెలెరిన్‌లో ‘అల్ప’, సిందరిన్‌లో ‘అల్ఫ్’, మూలంలో ‘*అల్క్వా’. ‘క్వ’ ఒక శాఖలో నిలిచి, మరో శాఖలో పెదవుల మీదికి జరిగి ‘ప’ కావడం నిజమైన భాషల్లో, ముఖ్యంగా వెల్ష్ చరిత్రలో జరిగినదే.

కాని మాటలను పునర్నిర్మించడం వేరు, వ్యాకరణాన్ని పునర్నిర్మించడం వేరు. మాట ఎక్కడికక్కడ నిలుస్తుంది. ప్రత్యయం మాటల చివర అరిగిపోతుంది, వేరే ప్రత్యయంతో కలిసిపోతుంది, సాదృశ్యం వల్ల తనది కాని చోటికి పాకుతుంది. బహువచనాన్ని తీసుకుందాం. క్వెన్యాలో మనిషి ‘అతన్’, మనుషులు ‘అతని’. సిందరిన్‌లో అదే మాట ‘అదన్’, బహువచనం ‘ఎదైన్’. సిందరిన్‌లో ప్రత్యయమే లేదు, లోపలి అచ్చులు మాత్రం మారాయి. దీన్ని అర్థం చేసుకోవడానికి తెలుగే మంచి సాధనం. ‘కత్తి’కి ‘లు’ చేరితే ‘కత్తులు’ అవుతుంది, ‘మనిషి’ ‘మనుషులు’ అవుతుంది. ప్రత్యయంలోని ఉకారం తనకు ముందున్న ఇకారాన్ని తనలాగా మార్చుకుంటుంది. ఇప్పుడు కొన్ని శతాబ్దాలలో ఆ ‘లు’ అరిగి మాయమైందని ఊహించండి. అప్పుడు ఏకవచనం ‘కత్తి’, బహువచనం ‘కత్తు’ అని మిగులుతాయి. ప్రత్యయం పోయినా దాని నీడ మాట లోపల ఉండిపోతుంది. సిందరిన్‌లో జరిగింది సరిగ్గా ఇదే, అక్కడ నీడ వేసింది ఇకారం. క్వెన్యాలో పైకే కనిపించే ఆ ఇకారం, సిందరిన్‌లో నీడగా కనిపించే ఇకారం ఒకటే కనుక మూలభాషలో బహువచన ప్రత్యయం ఇకారమని చెప్పవచ్చు.

అది హ్రస్వమా, దీర్ఘమా? దీనికి జవాబు వేరే మాటలో ఉంది. చేప అనే మాటకు మూలం ‘*లిఙ్వి’, క్వెన్యాలో అది ‘లింగ్వె’. అంటే పదాంతంలోని హ్రస్వ ఇకారం క్వెన్యాలో ఎకారంగా మారింది. బహువచన ఇకారం అలా మారలేదు కాబట్టి అది మూలంలో దీర్ఘం: ‘*-ఈ’. ఒక ప్రత్యయపు మాత్రను నిర్ణయించడానికి దానితో ఏ సంబంధమూ లేని చేప సాక్ష్యం చెప్పడం ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. క్వెన్యాలో ‘-ఇ’ ఒక్కటే కాదు, ‘-ర్’ బహువచనం కూడా ఉంది: ఎల్ద (ఎల్ఫ్)–ఎల్దర్, కిర్య (ఓడ)–కిర్యర్. సిందరిన్‌లో ఈ రేఫకు జాడ లేదు. అయితే ఇది మూలభాషలో ఉండి సిందరిన్‌లో పోయిందా, లేక క్వెన్యాలో కొత్తగా పుట్టిందా? 1960లలో టోల్కీన్ ఒక పాఠకుడికి పంపిన విభక్తుల పట్టిక దీన్ని తేలుస్తుంది. అందులో ప్రథమా బహువచనం ‘కిర్యర్’, ద్వితీయా బహువచనం మాత్రం ‘కిర్యై’, చతుర్థి ‘కిర్యైన్’. ‘ఇల్లు’, ‘ఏరు’ అన్నప్పుడు కనిపించని టకారం ‘ఇంటి’, ‘ఏటి’ అన్నప్పుడు బయటపడినట్లు, ప్రథమలో కనిపించని పాత ఇకారం ఇతర విభక్తుల లోపల భద్రంగా ఉంది. తెలెరిన్‌లో కూడా ‘లిందై’ వంటి బహువచనాలు ఉండటం దీనికి బలం. కనుక అకారాంతాలకు కూడా మూలంలో ఇకారమే బహువచనం, ప్రథమలోని రేఫ తరువాత వచ్చి కూర్చున్నది.

ద్వివచనానికి సాక్ష్యం ఇంకా తక్కువ, అది దొరికేది కూడా వారాల పేర్లలో. రెండు చెట్లకు అంకితమైన రోజును క్వెన్యాలో ‘అల్దూయ’ అనీ, సిందరిన్‌లో ‘ఓర్‌గలధద్’ అనీ అన్నారు. మొదటిదానిలో ద్వివచనం ఊకారం, రెండోదానిలో దకారం, అంటే పాత తకారం. క్వెన్యాలోనే ‘కిర్యత్’ (రెండు ఓడలు) వంటి మాటల్లో ఆ తకారం కూడా ఉంది. కాబట్టి మూలభాషలో రెండు ద్వివచన ప్రత్యయాలు ఉండి ఉండాలి. సిందరిన్ మాటల్లో ద్వివచనం సజీవంగా లేకపోయినా క్యాలెండర్‌లో శిలాజంలా నిలిచింది.

విభక్తుల దగ్గరికి వస్తే రెండు బిడ్డలూ పూర్తిగా వేరు దారులు పట్టాయి. క్వెన్యాలో ‘-న్న’ (వైపుకు), ‘-ల్లొ’ (నుండి), ‘-స్సె’ (లో), ‘-నెన్’ (చేత), ‘-ఒ’ (యొక్క) వంటి ప్రత్యయాలు నిండుగా ఉన్నాయి. సిందరిన్‌లో విభక్తులు లేవు, మాటకు ముందు విడిగా నిలిచే చిన్న పదాలతో సంబంధాలు చెబుతారు. తల్లి ఎవరిని పోలి ఉండేది? క్వెన్యాయే ప్రాచీనతను నిలుపుకుందని, సిందరిన్ అన్నీ పోగొట్టుకుందని అనుకోవడం సులువు, లాటిన్ విభక్తులు ఫ్రెంచిలో పోయిన చరిత్ర తెలిసినవారికి మరీ సులువు. ఆధారాలు మాత్రం అంత సూటిగా లేవు.

కథలోని మోరియా అనే భూగర్భ నగరపు పశ్చిమ ద్వారం మీది శాసనంలో ‘కెలెబ్రింబోర్ ఒ ఎరెగియోన్’ అని ఉంది, ‘ఎరెగియోన్‌కు చెందిన కెలెబ్రింబోర్’ అని అర్థం. ఇక్కడి ‘ఒ’ విడి పదం. క్వెన్యాలో షష్ఠీ ప్రత్యయం కూడా ‘-ఒ’. 1959–60లో రాసి, ఆయన మరణానంతరం 1994లో అచ్చైన ‘క్వెంది అండ్ ఎల్దర్’ అనే దీర్ఘవ్యాసంలో టోల్కీన్ ఈ రెంటినీ ఒకే మూలానికి చేర్చారు: ‘నుండి, దూరంగా’ అనే అర్థం గల ‘*హో’ అనే అవ్యయం. అంటే మూలభాషలో అది ప్రత్యయం కాదు, విడి మాట. ఒక బిడ్డ దాన్ని నామానికి వెనుక అంటించుకుంది, మరో బిడ్డ ముందు విడిగా నిలిపింది. విడి మాటలు విభక్తులుగా మారడం తెలుగువారికి కొత్త కాదు. పంచమీ విభక్తిగా చిన్నప్పుడు వల్లెవేసే ‘వలన, కంటె, పట్టి’లోని ‘పట్టి’ నిన్నమొన్నటి క్రియారూపమేనని వింటేనే తెలుస్తుంది.

ఈ వ్యుత్పత్తి అర్థాన్ని కూడా వెలిగిస్తుంది. అదే వ్యాసంలో ‘రోమ ఒరోమెఒ’, ‘రోమ ఒరోమెవ’ అని రెండు పదబంధాలు ఉన్నాయి. రెంటినీ ‘ఒరోమె అనే దేవుడి కొమ్ముబూర’ అనే చెప్పాలి, కాని మొదటిది ఒరోమె నుండి, కానుకగా అనుకోండి, వచ్చిన బూర, రెండోది ఒరోమెకు సొంతమైన బూర. ‘-ఒ’లో ‘నుండి’ అనే పాత భావం ఇంకా చావలేదు కనుకనే ఈ తేడా నిలిచింది. ‘-వ’ మాత్రం ‘*-వా’ అనే విశేషణ ప్రత్యయం నుండి వచ్చింది. కాబట్టి మూలభాషకు క్వెన్యాలోని విభక్తుల పట్టికను యథాతథంగా ఆపాదించి వ్యాకరణం రాయడం తప్పు. అక్కడ ఉన్నవి ఇంకా అంటుకోని ముక్కలు.

విధ్యర్థకంలోనూ ఇదే తీరు. క్వెన్యాలో ఆజ్ఞ చెప్పడానికి క్రియకు ముందు ‘ఆ’ లేదా ‘అ’ నిలుస్తుంది: ‘అ లైత తె’, వారిని కీర్తించండి. సిందరిన్‌లో క్రియ చివర ‘-ఒ’ వస్తుంది: అదే ద్వారం మీద ‘పెదొ మెల్లోన్ అ మిన్నొ’, మిత్రమా అని పలికి ప్రవేశించు. సిందరిన్‌లో పాత దీర్ఘ ఆకారం ఇలాంటి చోట ఒకారంగా మారుతుంది కనుక రెండూ ‘*ఆ’ అనే ఒకే అవ్యయం. మూలభాషలో దానికి స్థిరమైన చోటు లేదు, క్రియకు ముందైనా వెనుకైనా రావచ్చు. వాక్యనిర్మాణం గురించి పోలిక ద్వారా రాబట్టగలిగిన కొద్ది విషయాల్లో ఇది ఒకటి.

క్రియల్లో భూతకాలం దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ పనిలో చెయ్యి ఎక్కడ జారుతుందో అక్కడ కళ్లకు కట్టినట్లు కనిపిస్తుంది. ద్వారం మీదే రెండు భూతకాలిక క్రియలు ఉన్నాయి. ‘ఎఖంత్’ అంటే చేశాడు, ‘తెయ్‌థంత్’ అంటే గీశాడు. రెండూ ‘-ంత్’తో ముగుస్తాయి కనుక భూతకాల ప్రత్యయం ‘-ంత్’ అని రాసుకోవచ్చు, కొత్తగా చదివేవారు అలాగే రాసుకుంటారు కూడా. కాని ‘ఎఖంత్’ ధాతువు ‘కత్’, దానికి ముందు ‘బయటికి’ అనే ‘ఎత్’ చేరింది. అంటే చివరి తకారం ధాతువుదే, భూతకాలాన్ని సూచిస్తున్నది మధ్యలో దూరిన నకారం మాత్రమే. ‘తెయ్‌థంత్’లో ధాతువు ‘తెక్’, దాని నుండి వచ్చిన క్రియాంగం ‘తెయ్‌థ’, కాబట్టి ఇక్కడ ‘-ంత్’ అంతా ప్రత్యయమే. ఒకే శాసనంలో పక్కపక్కన నిలిచి ఒకే ముఖంతో కనిపించే ఈ రెండు మాటలు రెండు వేర్వేరు నిర్మాణాలు.

వీటిలో పాతది ఏది? క్వెన్యాను అడగాలి. అక్కడ ‘క్వెత్’ (పలుకు) ధాతువుకు భూతకాలం ‘క్వెంతె’, ‘తక్’ (బిగించు)కు ‘తంకె’, ‘తొప్’ (కప్పు)కు ‘తొంపె’. నకారం తరువాతి హల్లు వర్గానికి తగిన అనునాసికంగా మారి ధాతువు నడుమ కూర్చుంటుంది. ‘కత్–కంత్’ కూడా ఇదే మూసలోది. రెండు శాఖల్లోనూ ఉంది కాబట్టి ధాతుమధ్య నకారంతో, చివర ‘*-ఏ’తో భూతకాలం కట్టడం మూలభాష లక్షణం. సంస్కృతం తెలిసినవారికి రుధాదిగణం గుర్తుకు వస్తుంది, ‘యుజ్’ నడుమ నకారం చేరి ‘యునక్తి’ అయినట్లు. అయితే అక్కడ నకారం వర్తమాన రూపాల్లో వస్తుంది, ఇక్కడ భూతకాలాన్ని సూచిస్తుంది. టోల్కీన్ ఇండో-యూరోపియన్ పనిముట్టును తీసుకొని దానికి వేరే పని అప్పగించారు. ‘తెయ్‌థంత్’ తరహా ‘-ంత్’ మాత్రం, తకారాంత ధాతువుల రూపాలను చూసి ఇతర క్రియలు అనుకరించడం వల్ల సిందరిన్‌లో విస్తరించినదిగా చదవడమే నాకు సబబుగా తోస్తుంది.

పరోక్షభూతం వంటి మరో రూపం ఉంది. ‘తుల్’ (వచ్చు) ధాతువుకు ‘ఉతూలియె’, వచ్చియున్నాడు. ధాతువులోని అచ్చు ముందుకు వచ్చి ఒకసారి వినిపిస్తుంది, లోపలిది దీర్ఘమవుతుంది, చివర ‘-ఇయె’ చేరుతుంది. ‘అగచ్ఛత్’లోని అడాగమం, ‘జగామ’లోని ద్విత్వం రెంటికీ నడుమ ఉన్నట్లుంటుంది. 1954లో అచ్చైన విలాప గీతంలో ‘గడచిపోయాయి’ అనే మాట ‘వానియెర్’ అని ఉంది. సవరించిన ముద్రణలో ‘అవానియెర్’ అయింది. మళ్లీ ఒక్క అక్షరం, మళ్లీ వ్యాకరణం. ముందు చేరే అచ్చు ఆ రూపానికి అవసరమని రచయిత తరువాత నిశ్చయించుకున్నారని అర్థం. దీనికి సిందరిన్‌లో నమ్మదగిన జ్ఞాతి రూపం లేదు, కనుక పోలిక పద్ధతి ఇక్కడ ఆగిపోతుంది. మూలభాషకు దీన్ని ఆపాదించాలంటే రచయిత మాటే ఆధారం. ధాతువులోని అచ్చుకు ఆయన ‘సుందోమ’ అని పేరు పెట్టి, మూలభాషలో దాన్ని ధాతువు ముందు కూడా నిలపడం ఉండేదని, ‘క్వె’ పక్కన ‘ఎక్వె’ అలా వచ్చినదేనని 1959–60 వ్యాసంలో వివరించారు.

ఇక్కడే నిజమైన భాషల పునర్నిర్మాణానికీ, కల్పిత భాషల పునర్నిర్మాణానికీ మధ్య ఉన్న అసలు తేడా ఎదురవుతుంది. 1879లో ఫెర్డినాండ్ ద సొస్యూర్ మూల ఇండో-యూరోపియన్‌లో ఏ బిడ్డ భాషలోనూ వినిపించని కొన్ని ధ్వనులు ఉండి తీరాలని కేవలం తర్కంతో ప్రతిపాదించారు. 1927లో కురిలోవిచ్ ఆ ధ్వనుల జాడను అప్పటికి చదవగలిగిన హిట్టైట్ అనే ప్రాచీన భాష మట్టి పలకల్లో చూపించారు. ఎల్ఫ్ భాషల విషయంలో మట్టి పలకల స్థానంలో ఉన్నవి టోల్కీన్ వదిలి వెళ్లిన కాగితాలు. ఆయన 1973లో మరణించాక కుమారుడు క్రిస్టఫర్ టోల్కీన్ పన్నెండు సంపుటాలలో వాటిలో చాలా భాగం వెలువరించారు. ‘పార్మ ఎల్దలంబెరోన్’, ‘విన్యార్ తెంగ్వార్’ పత్రికలు భాషా పత్రాలను ఇంకా వివరంగా ప్రచురించాయి. ఒక ఊహ నిజమో కాదో కొత్త పత్రం అచ్చైతే తేలవచ్చు. అయితే హిట్టైట్ పలక తన మనసు మార్చుకోదు. ఈ కాగితాలు రాసిన మనిషి దాదాపు అరవై ఏళ్లపాటు మార్చుకుంటూనే ఉన్నారు.

మార్పులు చిన్నవి కావు. 1915లో మొదలుపెట్టిన తొలి పదకోశంలోని ధాతువులు, 1930ల చివర రాసి 1987లో అచ్చైన ‘ఎటిమాలజీస్’ అనే ధాతుకోశంలోని ధాతువులు ఒకటి కావు. ఇప్పుడు సిందరిన్ అని పిలిచే భాష 1930లలో నోల్దోరిన్, అంటే అది వేరే ప్రజల భాష, వేరే వలసల చరిత్ర దానికి ఉండేది. ఆ కాలంలోనే రాసిన ‘ల్హమ్మస్’ అనే భాషా చరిత్రలో ఎల్ఫ్‌ల భాష దేవతల భాష నుండి పుట్టింది. తరువాతి రచనల్లో ఎల్ఫ్‌లు భాషను తామే కల్పించుకున్నారు, దేవతల భాష కొన్ని అరువు మాటలిచ్చిన పరాయి భాష. తల్లికి తల్లి ఎవరన్నదే మారిపోయింది.

రచయితకు అచ్చు పడిన పుస్తకమే శాసనం. జీవితం చివరి ఏళ్లలో రాసిన ఒక వ్యాసంలో ఎల్రోస్ అనే పేరులోని ‘రోస్’ ఎల్ఫ్‌ల భాషది కాదని, ఒక మానవ జాతి భాష నుండి వచ్చిందని ఆయన విస్తారమైన వివరణ కట్టారు. తరువాత ‘కైర్ ఆంద్రోస్’ అనే ద్వీపం పేరు గుర్తుకు వచ్చింది. అందులో ‘రోస్’ అంటే సిందరిన్‌లో నురగ అని అప్పటికే పుస్తకంలో అచ్చైంది. దాంతో తాను కట్టినదానిలో చాలా భాగం నిలవదని ఆ కాగితం మీదే రాసుకున్నారు. సొంత కల్పనలోనూ సాక్ష్యానికి తలవంచిన ఆ గుణం నాకు చాలా గౌరవం కలిగిస్తుంది.

కాబట్టి ‘ఉమ్మడి ఎల్దారిన్ వ్యాకరణం’ అనే పేరుతో ఒకే పట్టిక తయారుచేసి, 1917 నాటి రూపాన్నీ 1937 నాటి ప్రత్యయాన్నీ 1968 నాటి సర్వనామాన్నీ పక్కపక్కన పెట్టేవారు, తెలియకుండానే, ఎవరూ ఎన్నడూ కల్పించని భాషను కల్పిస్తున్నారు. ప్రతి రూపం పక్కన దాని తేదీ ఉండాలి. ఒకే దశకు చెందిన బిడ్డల రూపాలనే పోల్చాలి. పోలిక వల్ల తేలినదేదో, రచయిత మాట వల్ల తెలిసినదేదో విడివిడిగా చెప్పాలి. రెండూ విభేదించినప్పుడు రచయిత అప్పుడు ఏం మార్చుతున్నారో వెతకాలి, ఎందుకంటే ఆ విభేదం చాలాసార్లు పొరపాటు కాదు, మార్పు జరిగిన క్షణం. ‘ఒమెంతియెల్మొ’, ‘ఒమెంతియెల్వొ’ల నడుమ ఉన్నది అలాంటి క్షణమే. అదే పుస్తకంలో ‘లైతువల్మెత్’, వారిని కీర్తిస్తాము, అనే మాటలోని ‘-ల్మె’ సవరణ తరువాత కూడా అలాగే ఉండిపోయింది.

ఇంత చేసినా మూలభాషలో పూర్తి వాక్యం ఒక్కటి కట్టడానికి సరిపడా సరుకు దొరకడం కష్టం. ఎల్ఫ్‌లు నోరు విప్పి పలికిన తొలి మాటగా టోల్కీన్ చెప్పినది మాత్రం ఒకటి ఉంది. చీకటిలో కళ్లు తెరిచి నక్షత్రాలను మొదటిసారి చూసినప్పుడు వారు ‘*ఎలె’ అన్నారు, చూడు అని. దాని నుండి ‘*ఎలెన్’, నక్షత్రం. దానికి సంబంధించినవారు అనే అర్థంలో ‘*ఎల్దా’, క్వెన్యాలో ఎల్ద, బహువచనం ఎల్దర్. సిందరిన్‌లో నక్షత్రం ‘ఏల్’, నకారం జారిపోయింది. బహువచనంలో ‘ఎలిన్’ అన్నప్పుడు ఆ నకారం తిరిగి వస్తుంది, దాని పక్కనే ‘*-ఈ’ వేసిన నీడ కూడా.